చిన్నీ, ముందు ఫ్యాన్ ఆపు

చిన్నీ,

నువ్వు భీమిలిలో తీసే షార్ట్ ఫిలింకి బట్టల పనంతా నీదేనని, హీరో చొక్కాకి ఇంట్లోనే రంగు వేస్తానంటున్నావని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. మనింట్లో రంగు బకెట్ మళ్లీ ఒకరి చేతికి వచ్చిందంటే నాకెంత సంతోషమో. టెన్షన్ కూడా అంతే ఉంది. ఫోన్‌లో చెబితే సగం విని "సరే అత్తా, సరే" అనేస్తావు, అందుకే రాస్తున్నా. చివరిదాకా చదువు.

మామూలు సంగతులు ముందు చెప్పేస్తా. చొక్కా పూర్తి కాటనే అయ్యుండాలి. లోపలి మడతలోంచి ఒక పోగు లాగి అంటించి చూడు, కాగితం కాలిన వాసనొచ్చి బూడిదయితే కాటన్, కరిగి గట్టిగా ఉండ కట్టిందంటే పాలిస్టర్ కలిసినట్టే, ఆ మేరకు రంగు పట్టదు. కొత్త చొక్కా అయితే వేడినీళ్లలో సబ్బుతో ఉతికి గంజంతా వదిలించు. సత్తు గిన్నె వాడకు, రంగు పట్టడానికి వేసే సోడా దాన్ని తినేస్తుంది. ప్లాస్టిక్ బకెట్ చాలు, కానీ అది మళ్లీ వంటింటి మొహం చూడకూడదు. మీ బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి, రంగు డల్ అవుతుంది, కుళాయి వచ్చినప్పుడే నీళ్లు పట్టి పెట్టుకో.

ఇక రంగు. హార్బర్ కూలీ వేషమట, నీలం చొక్కాతో నీళ్లలోకి దూకే సీను ఉందట కదా. అలాంటప్పుడు నీళ్లలో వేసి ఉడికించే పొట్లం రంగు పనికిరాదు, అది నూలు మీద పట్టుకుని ఉంటుందంతే, తడిసినప్పుడల్లా కొంచెం కొంచెం వదులుతుంది. కోల్డ్ డై అడిగి తీసుకో. రియాక్టివ్ డై అంటారు దాన్నే. సోడా తగిలాక ఆ రంగు నూలుతో రసాయనికంగా కలిసిపోతుంది, అందుకే ఉతికినా ఉంటుంది. ఇంగ్లండులో ఐసీఐ కంపెనీ 1956లో ప్రోసియన్ అని మొదట అమ్మిన రంగులు ఇవే, మీ మావయ్య ఈ జాతి రంగులన్నిటినీ ప్రోసియన్ అనేవాడు.

ఆయన సంగతి నీకు చెప్పాలి. నువ్వు పుట్టక ముందు మేం అల్లిపురంలో రెండు గదుల పోర్షన్‌లో ఉండేవాళ్లం. నాటకాల వాళ్ల డ్రెస్సులకి నేను కుట్టుపని, ఆయన రంగుపని. ఒకసారి ఏదో పౌరాణికానికి సైనికుల ఉత్తరీయాలన్నీ ఎర్రగా కావాలన్నారు, మర్నాడే ఆట. మే నెల, విశాఖ ఉక్కపోత నీకు చెప్పక్కర్లేదు, ఒంటి మీద చొక్కా నిలవదు. ఆయన ఫ్యాన్ ఫుల్లుగా పెట్టుకుని దాని కిందే కూర్చుని ఎర్ర పొడి డబ్బా తెరిచి చెంచాతో తీస్తున్నాడు. గాల్లో ఏమీ కనబడలేదు. రెండుసార్లు తుమ్మాడు, గొంతులో మిరియం పడ్డట్టుంది అన్నాడు, మళ్లీ పనిలో పడ్డాడు. ఉత్తరీయాలు బ్రహ్మాండంగా వచ్చాయి.

మర్నాడు పొద్దున మా అత్తగారు ఆ గదిలో దండెం మీదున్న తెల్ల చీర తీసి నీళ్లలో ముంచారు. ముంచగానే చీరంతా ఎర్రటి చుక్కలు లేచాయి. పొడిగా ఉన్నంతసేపూ ఒక్క మచ్చ లేదు, తడి తగిలాకే విచ్చుకున్నాయి. తువ్వాలు తడిపితే దాని మీదా ఉన్నాయి. నేల తుడిచిన గుడ్డ గులాబీ రంగయింది. మంచినీళ్ల కుండ మూత మీద కూడా చుక్కలే. ఆవిడ చీర కోసం ఏడ్చారు. నేను మాత్రం ఆయన ముక్కు కేసి చూశా, ఎందుకంటే ఇంత దూరం వచ్చి పడిన పొడి ఆయన లోపలికి ఎంత పోయిందో నాకప్పుడు అర్థమైంది. ఆ రాత్రికి ఆయాసం. మాట పూర్తి చేయలేకపోయాడు. రిక్షాలో పెద్దాసుపత్రి కేజీహెచ్‌కి తీసుకెళ్లి, తెల్లారేదాకా వీపు రాస్తూ కూర్చున్నా.

ఈ పొడి కొందరికి ఒంట్లో పగ పడుతుంది. ఒకసారి పడకుండా పోయిందంటే ఆ తర్వాత చిటికెడు గాల్లో లేచినా ఛాతీ బిగుసుకుపోతుంది. ఆయనకీ అంతే అయింది. అంత ఇష్టమైన పని, పక్కింట్లో డబ్బా తెరిచినా దగ్గొస్తుంటే వదిలేశాడు. ఇక నీ సంగతి చూడు. అయిదో క్లాసు దాకా చలికాలం వస్తే నీకు పిల్లికూతలు, మీ అమ్మ నిన్ను ఒళ్లో నిటారుగా పెట్టుకుని రాత్రంతా కూర్చునేది. నువ్వు మర్చిపోయావేమో గుంటా, నేను మర్చిపోలేదు.

కాబట్టి పొడి తెరిచే ఆ కాసేపూ ఫ్యాన్ ఆపెయ్, కిటికీ మూసెయ్, చెమట కారితే కారనీ. కరోనా నాటి గుడ్డ మాస్క్ కాదు, ఎన్95 పెట్టుకో, అంచులు ముఖానికి ఆనాలి. చేతులకి గ్లోవ్స్. బల్ల మీద తడిపిన పేపర్లు పరిచి వాటి మీద డబ్బా తెరువు, రాలిన పొడి తడికి అంటుకుపోతుంది. పొడి మీద కొద్దికొద్దిగా నీళ్లు పోసి ముద్ద చేసి, అప్పుడు పలచన చెయ్. ఒకసారి నీళ్లలో కలిసిందంటే పొడి గండం గడిచినట్టే. నీకు వీలైతే ఈ ఒక్క పని ఆస్తమా లేని ఫ్రెండ్ చేత చేయించు, అందులో నామోషీ ఏమీ లేదు.

కొలతలు: పొడి బట్ట కిలో తూగితే ముదురు రంగుకి ముప్ఫై నలభై గ్రాముల డై, ఇరవై లీటర్ల నీళ్లు, లీటరుకి 50 గ్రాముల ఉప్పు. నానబెట్టిన చొక్కాలు అందులో వేసి అరగంట ఆపకుండా తిప్పు. తర్వాత లీటరుకి పదిహేను గ్రాముల చొప్పున సోడా యాష్ వేరే మగ్గులో కరిగించి, చొక్కాలు పక్కకి జరిపి మెల్లగా పొయ్. వంటసోడా కాదు, కాస్టిక్ సోడా అసలే కాదు. మరో గంట తిప్పుతూ ఉంచు. సోడా కలిసిన రంగు రేపటికి దాచుకుందామనుకోకు, కొన్ని గంటల్లో చచ్చిపోతుంది.

నీళ్లలో దూకే సీను ఒక్క టేక్‌లో అవదు, తడిసింది ఆరేదాకా యూనిట్ అంతా కూర్చోదు. కనీసం మూడు చొక్కాలు కావాలి, మూడూ ఒకే బకెట్‌లో ఒకేసారి మునగాలి. రేపు ఇంకోటి వేస్తాలే అనుకుంటే అదే రంగు, అదే కొలత అయినా తేడా వస్తుంది, కెమెరా పట్టేస్తుంది. చొక్కాలకన్నా ముందు అదే బట్ట ముక్క ముంచి, ఉతికి, ఆరబెట్టి, ఇస్త్రీ చేసి, ఎండలో ఫోన్‌తో షూట్ చేసి చూసుకో. తడి మీద కనబడే రంగు ఎప్పుడూ ముదురే.

తెల్ల చొక్కా కొన్నావంటే కుట్లు తెల్లగానే మిగులుతాయి, రెడీమేడ్‌లో దారం పాలిస్టర్. కూలీ చొక్కా మీద తెల్ల కుట్టు గీతలు గీసినట్టు కనబడుతుంది. లేత నీలం చొక్కాలు కొను, దారం కూడా ఆ రంగులోనే ఉంటుంది. ఇంకా మంచి మాట, బట్ట కొని రంగు వేసి నాకు పంపు, నేను కుడతా. చూపు తగ్గిందని మీ నాన్న అంటాడు, వినకు.

ఆఖరున ఉతకడం. చన్నీళ్లలో ఉప్పూ సోడా పోయేదాకా జాడించి, తర్వాత సలసలా కాగే నీళ్లలో సబ్బు వేసి నానబెట్టు, నీళ్లు తెల్లగా వచ్చేదాకా మార్చు. అంటుకోని రంగంతా అక్కడే పోవాలి, హీరో మెడ మీద కాదు. పాతబడ్డట్టు చేయాలంటే కాలరు, భుజాలు, జేబు అంచు సాండ్‌పేపర్‌తో రుద్ది, పలచటి టీ డికాక్షన్‌లో ముంచి తీయ్. బ్లీచ్ వద్దు, నూలు కుళ్లి చెయ్యెత్తగానే చంకలో చిరుగుతుంది.

రంగు కొనే ముందు మాస్క్ కొని, పెట్టుకుని ఫొటో పంపు. నాకు అది చూశాకే కొలతల్లో సందేహాలకి జవాబు చెబుతా. ఇన్‌హేలర్ ఇంట్లో ఉందో లేదో, డేటు దాటిందో మీ అమ్మని అడిగి అది కూడా రాయి.

మీ అత్త