విడదీయలేని జవాబును చెరిపెయ్యకు

చి. శ్రావణికి పెదనాన్న ఆశీస్సులు.

విమానం మనదో పరాయిదో అడిగి తెలుసుకునే ఐఎఫ్ఎఫ్ రాడార్ డీకోడర్‌లో గార్బుల్, అంటే కలగలిసిపోయిన జవాబుల్ని, విడదీసే భాగం నీకే అప్పజెప్పారని మీ నాన్న ఫోన్లో చెప్పాడు. నేను చేసిన పని మళ్లీ మన ఇంట్లోవాళ్ల చేతికే రావడం గర్వంగా ఉంది. భయంగానూ ఉంది, అందుకే ఈ ఉత్తరం.

1030 మెగాహెర్ట్జ్‌లో రాడార్ ప్రశ్న, 1090లో విమానం జవాబు, ఆ జవాబుకి మొదట్లో, చివర్లో 20.3 మైక్రోసెకన్ల ఎడంతో రెండు బ్రాకెట్ పల్సులు, వాటి మధ్య ఎ, బి, సి, డి పేర్లతో కోడ్ పల్సులు: ఇవి నీకు తెలుసు. పక్క రాడార్లకు పోవాల్సిన జవాబులు, అంటే ఫ్రూట్, ప్రశ్న ప్రశ్నకూ చోటు మారతాయి, పోల్చి తీసెయ్. విమానం తన ఎత్తు చెప్పే మోడ్ సి జవాబులో సి1, సి4 పల్సులు రెండూ వెలిగితే ఆ కోడ్ చెల్లదు.

చిక్కంతా ఒకే బీమ్‌లో, దూరంలో మూడు కిలోమీటర్ల లోపు తేడాతో ఉన్న రెండు విమానాలతోనే. వాటి జవాబులు ప్రతిసారీ ఒకదానిమీదొకటి పడతాయి. ఒకదాని పల్సులు రెండోదాని ఖాళీల్లో పడితే విడదీయొచ్చు. పల్సు మీద పల్సు పడిందా, 5200, 2500 కోడ్‌లు కలిసి 7700 అయి కూర్చుంటాయి. ఏ ఆపదా లేని చోట ఎమర్జెన్సీ కోడ్!

మా రోజుల్లో ఒక సీనియర్ చేసిన పొరపాటు చెబుతాను, జాగ్రత్తగా చదువు. తెరమీద తనని గుర్తుపట్టడానికి పైలట్ ఐడెంట్ బటన్ నొక్కితే చివరి బ్రాకెట్ తర్వాత 4.35 మైక్రోసెకన్లకు ఎస్‌పీఐ అనే అదనపు పల్సు వస్తుంది కదా. కోడ్‌లో సి2 కూడా ఉంటే, సి2కీ ఎస్‌పీఐకీ మధ్య ఎడం సరిగ్గా 20.3. డీకోడర్ దాన్ని ఇంకో బ్రాకెట్ అనుకుని, 650 మీటర్ల వెనక లేని విమానాన్ని చూపించేది. ఆయన ఒక్క రూలు రాశాడు: ఆ ఎడంలో ఏది కనబడినా కొట్టెయ్. తెర శుభ్రమైంది, అందరం మెచ్చుకున్నాం. తర్వాత ట్రయల్‌లో రెండు విమానాలు జంటగా ఎగిరాయి. ముందున్నతను ఐడెంట్ నొక్కగానే వెనకది తెరమీద మాయం. దాని పైలట్ రేడియోలో మాట్లాడుతూనే ఉన్నాడు!

రికార్డింగు తీసి చూస్తే ఆధారం కళ్లెదుటే ఉంది. ఒకే విమానం జవాబులో చివరి బ్రాకెట్‌కీ ఎస్‌పీఐకీ మధ్య పల్సు ఉండదు. అక్కడ, మొదటి బ్రాకెట్ నుంచి 21.75 మైక్రోసెకన్ల దగ్గర, ఒకటి నిలబడి ఉంది. అది వెనక విమానం కోడ్‌లోని బి4. ఆ చోటు ఖాళీగా ఉన్నా తొందరపడకు. పల్సుల ఎత్తు, ఒక్కో పల్సు ఏ దిక్కునుంచి వచ్చిందో చెప్పే మోనోపల్స్ కోణం చూడు. అప్పటికీ తేలకపోతే ఆ బిట్లకు నమ్మకం తక్కువని గుర్తు పెట్టి, విమానాల దారిని వెంబడించే ట్రాకర్‌కి పంపు. నీ అంతట నువ్వు తీర్పు చెప్పకు.

చాదస్తం అనుకోకు తల్లీ. 1996 నవంబరు 12న చర్ఖీ దాద్రీ మీద రెండు విమానాలు గుద్దుకుని 349 మంది పోయారు. అప్పటికి ఢిల్లీలో ఉన్నది విమానాన్ని ఏమీ అడగకుండా ప్రతిధ్వనిని మాత్రమే పట్టే ప్రైమరీ రాడారే, తెరమీద ఎత్తు కనిపించేది కాదు. ఆ వార్త విన్నప్పటినుంచీ లేని విమానం కనబడటం కన్నా ఉన్నది కనబడకపోవడమే నాకు ఎక్కువ భయం.

రాత్రి పదింటిదాకా ల్యాబ్‌లోనే ఉంటున్నావట. అలసిన కళ్లతో టైమింగ్ చూస్తావా? వేళకి తిను. సంక్రాంతికి వచ్చేటప్పుడు ఆఫీసు కాగితాలేవీ తేవద్దు. మూడు విమానాలు కలిసిన కేసు తెల్ల కాగితం మీద గీసి, ఇద్దరం కూర్చుని చూద్దాం.

మీ పెదనాన్న