నూనె చెప్పే కబురు

(సైన్యంలో 24 ఏళ్లు మెకానిక్‌గా పనిచేసి కర్నూలులో స్థిరపడిన మాజీ హవల్దారు పాఠకుల ప్రశ్నలకు ఇస్తున్న జవాబులు)

ప్రశ్న: మా అబ్బాయి ఐటీఐలో డీజిల్ మెకానిక్ పూర్తిచేశాడు. సైన్యంలో చేరతానంటున్నాడు. ఇప్పుడు ట్యాంకుల జబ్బులు కంప్యూటర్లే కనిపెడుతున్నాయట. చేతిపని నేర్చినవాడికి అక్కడ చోటుంటుందా?
– ఒక తండ్రి, గుత్తి

జవాబు: ఉంటుంది. నేను పనిచేసింది ఈఎంఈలో. సైన్యంలో బండ్లు, తుపాకులు, రాడార్లు బాగుచేసే విభాగమది. 1943 అక్టోబరు 15న ఏర్పడింది. నేను చేరిన రోజుల్లో ఇంజను ఇన్ని గంటలు తిరిగిందంటే చాలు, బాగున్నా విప్పాల్సిందే. చక్కగా నడుస్తున్న ఇంజనును విప్పడానికి నాకు చేతులు వచ్చేవి కావు. ఇప్పుడు సెన్సర్లు కంపనాన్ని, వేడిని, నూనె ఒత్తిడిని గమనిస్తూ ఉంటాయి. ఏది అరుగుతోందో ముందే తెలిస్తే దాన్నే విప్పుతారు.

వీటన్నిటిలో నాకు గురి కుదిరింది నూనె పరీక్ష మీద. ఇంజను ఆపగానే, నూనె వేడిగా ఉన్నప్పుడే చిన్న సీసాలోకి తీయాలి. ఆలస్యమైతే అరిగిన లోహపు పొడి అడుగుకు దిగిపోతుంది. స్పెక్ట్రోమీటర్ ఆ నూనెలో ఏ మూలకం పది లక్షల్లో ఎన్ని భాగాలుందో చెబుతుంది. ఇనుము పెరిగితే సిలిండర్ లైనర్లను (పిస్టన్ కదిలే సిలిండర్ లోపలి తొడుగులను), రాగి పెరిగితే బేరింగులను అనుమానించాలి. సిలికాన్ పెరిగిందంటే చాలావరకు ఇసుక లోపలికి పోతున్నట్టే.

ఎడారిలో ఒక టీ-72 ట్యాంకుకి వరసగా మూడుసార్లు సిలికాన్ పెరిగింది. 780 గుర్రాల శక్తి, పన్నెండు సిలిండర్ల ఇంజను అది. కంప్యూటర్ ఎర్రగీత చూపించింది గానీ, దుమ్ము ఎక్కడినుంచి వస్తోందో దానికి తెలియదు. మా కుర్రవాడొకడు ఎయిర్ క్లీనర్ దాటాక ఉన్న రబ్బరు గొట్టం ఊడదీసి, లోపల తడివేలితో రుద్దాడు. వేలికి గోధుమపిండిలా సన్నటి ఇసుక అంటింది. గొట్టాన్ని బిగించే క్లాంపు వదులైంది, అంతే. వేరుశనగ నూర్పిళ్ల దుమ్ములో ట్రాక్టరు నడిపే మీవైపు రైతులకు ఈ జబ్బు తెలిసే ఉంటుంది.

మీ అబ్బాయికి గట్టిగా చెప్పండి: చేసిన ప్రతి పనీ నిజంగా నమోదు చేయాలి. ఒకచోట రాత్రిపూట నాలుగు లీటర్ల కొత్త నూనె పోసి ఎవరూ రాయలేదు. పాత నూనె పలచబడి మర్నాటి పరీక్షలో రాగి లెక్క తగ్గింది. ఇంజను కుదుటపడిందని కంప్యూటర్ నమ్మింది. తర్వాత వారంలోనే బేరింగు పట్టేసింది. సెన్సరు అబద్ధం చెప్పలేదు, మనిషే చెప్పకుండా వదిలేశాడు. నాకు ఇప్పటికీ ఆ రిజిస్టరులోని ఖాళీ గడి కళ్లముందు కనిపిస్తుంది.

ప్రశ్న: ఈ వివరాలన్నీ మామూలు ఫోను యాప్‌లో పెట్టుకుంటే తేలిక కదా?
– ఒక విద్యార్థిని, ప్రొద్దుటూరు

జవాబు: తేలికేనమ్మా, కానీ ప్రమాదం. 2018 జనవరిలో ఏం జరిగిందో చూడు. ఒక వ్యాయామ యాప్ వాడేవారి పరుగుదారులను ప్రపంచపటం మీద వెలుగుగీతలుగా చూపింది. జనం లేని ఎడారిలో సైనిక స్థావరాల ఆకారాలు వాటిలో బయటపడ్డాయి. ఇక ఏ ట్యాంకు ఎక్కడ ఆగిపోయిందో, ఏ విడిభాగం కోసం ఎదురుచూస్తోందో శత్రువుకు తెలిస్తే ఎప్పుడు దాడిచేయాలో మనమే చెప్పినట్టవుతుంది. అందుకే ఆ లెక్కలు బయటి ఇంటర్నెట్‌తో సంబంధంలేని కంప్యూటర్లలోనే ఉండాలి.