దరఖాస్తులో తప్పు దొర్లితే

చిరంజీవి మేనకోడలికి మీ మామయ్య ఆశీస్సులు.

ఇంజినీరింగ్ ప్రవేశాల కోసం రాసే తెలంగాణ ఈఏపీసెట్ దరఖాస్తులో నీ పుట్టిన తేదీ తప్పుగా పడిందని, అప్పటినుంచి నువ్వు సరిగా అన్నం కూడా తినడం లేదని మీ అమ్మ ఫోనులో చెప్పింది. ధ్రువపత్రాల పరిశీలనలో ఏళ్ల తరబడి కూర్చున్నవాడిగా చెబుతున్నాను, ఇది దిద్దుకోదగిన తప్పే. దాచిపెడితేనే చిక్కు; పరిశీలన రోజున పదో తరగతి మెమో, దరఖాస్తు పక్కపక్కన పెట్టి చూసినప్పుడు అది ఎలాగూ బయటపడుతుంది.

పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ వంటివి మనంతట మనం మార్చుకోవడానికి వీలుండదు. వాటి కోసం ఆధారపత్రం స్కాన్ చేసి, పరీక్ష నిర్వహించే కన్వీనర్ కార్యాలయానికి ఈ-మెయిల్ పంపాలి. మిగతా కొన్ని వివరాలను దిద్దుబాటు గడువులో వెబ్‌సైట్‌లోనే సరిచేసుకోవచ్చు. ఈ-మెయిల్‌లో నీ బాధంతా రాయవద్దు. రిజిస్ట్రేషన్ నంబరు, దరఖాస్తులో ఇప్పుడు ఉన్న తేదీ, ఉండవలసిన తేదీ, జతచేసిన మెమో, ఈ నాలుగూ ఉంటే చాలు. జవాబు వచ్చాక దరఖాస్తును మళ్లీ తెరిచి, మార్పు నిజంగా జరిగిందో లేదో చూసి, ప్రింటు తీసి దాచుకో. భయపడి ఇంకోసారి రుసుము కట్టి కొత్త దరఖాస్తు మాత్రం పెట్టకు. ఒకే మనిషి పేరున రెండు ఉంటే చిక్కు రెట్టింపవుతుంది.

నెట్ సెంటర్‌లో ఫారం నింపించావు కాబట్టి, అందులో ఎవరి ఫోన్ నంబరు ఉందో ఈ రోజే చూడు. సెంటర్ వాళ్ల నంబరు వేసి ఉంటే ఓటీపీలు, కబుర్లు అన్నీ వాళ్లకే పోతాయి. గడువు దాటిపోయాక లబోదిబోమన్న తల్లిదండ్రులను నేను ఎందరినో చూశాను.

జేఈఈ కూడా రాస్తున్నావు కదా, అక్కడ మన రాష్ట్ర బీసీ ధ్రువపత్రం చెల్లదు. కేంద్ర ప్రభుత్వ నమూనాలో ఓబీసీ నాన్ క్రీమీలేయర్ పత్రం, అంటే ఓబీసీల్లో సంపన్న శ్రేణికి చెందరని తెలిపే పత్రం కావాలి. తహసీల్దారు కార్యాలయం నుంచి అది చేతికి రావడానికి సమయం పడుతుంది కనుక, ఇప్పుడే మీసేవలో దరఖాస్తు చేయించు.

దిద్దుకోలేని తప్పులు వెబ్ ఆప్షన్ల దగ్గర, అంటే కౌన్సెలింగ్‌లో కాలేజీలను, బ్రాంచిలను ఆన్‌లైన్‌లో ఎంచుకునే దగ్గర జరుగుతాయి. సీఎస్‌ఎం, సీఎస్‌డీ అనే రెండు బ్రాంచి కోడ్‌లు చూడటానికి ఒకేలా ఉంటాయి గాని, మొదటిది కృత్రిమ మేధకు, రెండోది డేటా సైన్స్‌కు చెందుతుంది. ఒకే పోలిక పేరున్న కాలేజీలూ ఉన్నాయి, కాబట్టి పేరును గాక కోడ్‌ను చూసి ఎంచుకో. మొదటి విడతలో సీటు వచ్చాక రెండో విడతలో ఆప్షన్లు పెడితే, చేతిలో ఉన్నదానికంటే మెరుగైనవి మాత్రమే పెట్టు. కొత్త సీటు కేటాయిస్తే పాతది దానంతటదే రద్దవుతుంది, ఎంత బతిమాలినా తిరిగి రాదు.

ఆప్షన్లను ముందు కాగితం మీద వరుసగా రాసి, ఫోటో తీసి నాకు పంపు. నేను చూసి చెప్పాకే వాటిని ఫ్రీజ్ చెయ్యి, అంటే ఖరారు చెయ్యి.

మీ మామయ్య