ఫీజులో సింగపూర్ ఉంది, టైంటేబుల్లో ఉందా?

ప్రశ్న: మాది చిత్తూరు. గంగాధర నెల్లూరు దగ్గర నాలుగెకరాల మామిడి తోట, టౌన్లో ఎరువుల షాపు ఉన్నాయి. మా పాప ఇక్కడే ఒక ప్రైవేటు స్కూల్లో ఎనిమిదో తరగతి చదువుతోంది. పెద్దయ్యాక ఐక్యరాజ్యసమితిలో పనిచేస్తానంటుంది. తిరుపతిలో పేరు చివర ‘ఇంటర్నేషనల్’ అని ఉన్న ఒక స్కూలు వాళ్లు వచ్చి కలిశారు. విదేశీ స్కూళ్లతో సంబంధాలున్నాయట, వీడియోలో అమెరికా పిల్లలతో కలిసి క్లాసులట, తొమ్మిదిలో సింగపూర్ ట్రిప్పట. హాస్టల్‌తో కలిపి ఏడాదికి 3.5 లక్షలు, ట్రిప్పుకు వేరే కట్టాలి. మా ఇంట్లో ఆవిడకు హాస్టల్ అంటేనే టెన్షన్. పాపను మార్చమంటారా?
– ఒక తండ్రి, చిత్తూరు

జవాబు: ముందు ఆ అమెరికా క్లాసుల మాట తేల్చుకుందాం. అది గడియారం చూస్తే తేలిపోయే విషయం. మనకు ఉదయం 10 గంటలైతే న్యూయార్క్‌లో అర్ధరాత్రి, అరగంట అటూ ఇటూ. బడి నడిచే వేళల్లో మన పిల్లలు అమెరికా పిల్లలతో వారం వారం ముఖాముఖి మాట్లాడుతున్నారంటే, అక్కడి పిల్లలు నిద్ర మానుకుని కూర్చోవాలి. ఏడాదికోసారి ఎవరి ఎన్నారై బాబాయో స్క్రీన్ మీదికి వచ్చి పలకరించి పోవడాన్నే క్లాసు అంటున్నారేమో కనుక్కోండి. అదే జపాన్ బడి అని చెప్పి ఉంటే, మనకు 10 అంటే వాళ్లకు మధ్యాహ్నం ఒకటిన్నర. జర్మనీ అయితే మన మధ్యాహ్నం 2 గంటలు వాళ్లకు ఉదయం తొమ్మిదిన్నరో పదిన్నరో అవుతుంది. అవి కుదిరే మాటలు.

అమెరికాతో సంబంధమే అసాధ్యమని కాదు. ఉత్తరాలు రాసుకోవచ్చు, వీడియోలు రికార్డు చేసి పంపుకోవచ్చు, రెండు బడుల పిల్లలు ఒకే ప్రాజెక్టును చెరో వైపు నుంచి చేయొచ్చు. నేను చూసినంతలో లైవ్ కాల్ కన్నా ఇవే మేలు. కాల్లో ఎలాగూ హుషారైన ఇద్దరు ముగ్గురే మాట్లాడతారు, మిగతా వాళ్లు వెనక నుంచి చేతులూపుతారు. ఉత్తరమైతే క్లాసులో ప్రతి ఒక్కరూ రాయాలి, వచ్చిన జవాబు చదివి అర్థం చేసుకోవాలి, మళ్లీ రాయాలి. కాబట్టి స్కూలుకు వెళ్లినప్పుడు రిసెప్షన్లో ఫ్రేమ్ కట్టి పెట్టిన ఒప్పంద పత్రాన్ని చూడకండి. పోయిన ఏడాది పిల్లలు పంపినవి, అవతలి నుంచి వచ్చినవి చూపించమనండి. ఒక ఫైలు తీసి టేబుల్ మీద పెడితే ఆ స్కూలును కొంచెం నమ్మొచ్చు.

ఇక ‘ఇంటర్నేషనల్’ అన్న పేరు. అది ఏ బోర్డూ ఇచ్చిన బిరుదు కాదు, యాజమాన్యం పెట్టుకున్న పేరు. చాలాచోట్ల ఆ నేమ్‌బోర్డు వెనక నడిచేది సీబీఎస్‌ఈ సిలబసే. అందులో తప్పేమీ లేదు, మంచి సిలబసే. కాకపోతే దానికి 3.5 లక్షలు ఎందుకు అని అడిగే హక్కు మీకుంది. నిజంగా విదేశీ బోర్డు అయితే మన దగ్గర ఎక్కువగా వినిపించేవి రెండు పేర్లు. 1968లో జెనీవాలో పుట్టిన ఐబీ ఒకటి, కేంబ్రిడ్జి వాళ్లు 1988 నుంచి నడుపుతున్న ఐజీసీఎస్‌ఈ ఇంకొకటి. గుర్తింపు పొందిన స్కూళ్ల పేర్లు ఆ సంస్థల వెబ్‌సైట్లలోనే దొరుకుతాయి, ఐదు నిమిషాల పని. ఐబీ డిప్లొమాలో ప్రతి విద్యార్థీ 4,000 పదాల దాకా ఒక పరిశోధన వ్యాసం రాయాలి, సేవా కార్యక్రమాలు చేయడం కూడా తప్పనిసరి. గట్టి చదువే. మన దేశంలో దాన్ని ఇంటర్‌తో సమానంగానే చూస్తారు. కానీ రేపు పాప మనసు మారి నీట్ అనో ఈఏపీసెట్ (పాత ఎంసెట్) అనో అంటే, ఆ సిలబస్‌కూ ఈ పరీక్షలకూ పొసగక ఇబ్బంది పడుతుంది. ఎనిమిదో తరగతి పిల్లల మనసు మారదని నేను హామీ ఇవ్వలేను.

ఒకసారి ఒక పెద్ద స్కూల్లో ‘గ్లోబల్ డే’కి నన్ను జడ్జిగా పిలిచారు. ఆవరణంతా జెండాలు, రంగు కాగితాలు, అద్దె డ్రెస్సులు. బ్రెజిల్ స్టాల్లో నెత్తిన ఈకల కిరీటం పెట్టుకున్న పాపను, అక్కడ ఏ భాష మాట్లాడతారమ్మా అని అడిగాను. ‘బ్రెజిలియన్’ అంది ధీమాగా. పోర్చుగీసు అని ఆ పిల్లకు ఎవరూ చెప్పలేదు. అంత పెద్ద దేశం పోర్చుగీసు ఎందుకు మాట్లాడుతుందన్న ప్రశ్న అసలు పుట్టనే లేదు. ఆ డ్రెస్సుకు వాళ్లమ్మ 800 రూపాయల అద్దె కట్టింది. పాప తప్పేమీ లేదు, నేనైతే ఆమెకే బహుమతి ఇచ్చాను, అంత ధైర్యంగా చెప్పినందుకు.

దీనికి పూర్తిగా వేరే రకం పని ఒక చిన్న బడిలో చూశాను. అక్కడి సోషల్ మేడం ఒక వేసవి ముందు పిల్లలకు ఒకే ప్రశ్న ఇచ్చారు: మన తోతాపురి మామిడికాయ ఎక్కడి దాకా పోతుంది? ఇది మీకు బాగా తెలిసిన కథే. తోట నుంచి ర్యాంపుకు, అంటే కాయలు కొనే చోటుకు, ర్యాంపు నుంచి ఫ్యాక్టరీకి. అక్కడ గుజ్జు తీసి, క్రిములు లేకుండా సంచుల్లో నింపి, 200 కిలోలకు పైగా పట్టే డ్రమ్ముల్లో పెట్టి, కంటైనర్లో చెన్నై రేవుకు. అక్కడి నుంచి గల్ఫ్ దేశాలకు, యూరప్‌కు. పిల్లలు అట్లాసులో గీతలు గీశారు. తర్వాత అసలు ప్రశ్న వచ్చింది: కాయ ఇక్కడ బాగానే కాసినా ధర ఎందుకు పడిపోతుంది? 2025 వేసవిలో ఏం జరిగిందో మీకు చెప్పనక్కర్లేదు. ఫ్యాక్టరీల్లో అమ్ముడుపోని పాత గుజ్జు పేరుకుపోయింది, కొనేవాళ్లు వెనకాడారు, చివరికి ఫ్యాక్టరీలు ఇచ్చే 8 రూపాయలకు ప్రభుత్వం కిలోకు 4 రూపాయలు కలుపుతామనాల్సి వచ్చింది. ఎక్కడో ఒక దేశంలో కొనుగోలుదారు ఆర్డరు తగ్గిస్తే మన జిల్లా బంగారుపాళ్యంలో ట్రాక్టర్లు బారులు తీరతాయని పన్నెండేళ్ల పిల్లకు అర్థమైతే, ఆమె ప్రపంచం గురించి నేర్చుకుంటున్నట్టు. దానికి పాస్‌పోర్టు కూడా అక్కర్లేదు.

ఇది నా సొంత పైత్యం కాదులెండి. ప్రపంచ దేశాల్లో 15 ఏళ్ల పిల్లల చదువును కొలిచే పిసా పరీక్షలో 2018లో ఇలా ప్రపంచాన్ని అర్థం చేసుకునే సామర్థ్యాన్ని కూడా పెట్టారు. వాళ్లు చూసింది పిల్లలు ఎన్ని దేశాలు తిరిగారని కాదు. స్థానిక విషయాన్నీ ప్రపంచ విషయాన్నీ కలిపి పరిశీలించగలరా, అవతలివాడి చోటు నుంచి ఆలోచించగలరా, వేరే సంస్కృతి వాళ్లతో మర్యాదగా మాట్లాడగలరా, తెలిసిన దాన్నిబట్టి ఏదైనా చేయగలరా అని. మన జిల్లాల్లో ఇలాంటి పాఠాలకు కరువా? శేషాచలం ఎర్రచందనం మీద అంతర్జాతీయ వాణిజ్య ఆంక్షలు ఎందుకున్నాయి? తిరుమల తలనీలాలు వేలం తర్వాత ఏ దేశాలకు పోయి విగ్గులవుతాయి? గాదంకిలో వాతావరణ పరిశోధన కేంద్రం వాళ్ల రాడార్ అంత ఎత్తు గాలిలో ఏం చూస్తుంది? ఇందులో ఏ ఒక్కటి పట్టుకున్నా ఒక టర్మ్ గడిచిపోతుంది.

సింగపూర్ ట్రిప్పు విషయానికొస్తే, నాకు ట్రిప్పుల మీద కోపం లేదు. పిల్లలు విమానం ఎక్కాలి, సరదాపడాలి. కానీ షెడ్యూల్ కాగితం అడిగి చూడండి. అందులో సెంటోసా దీవి, షాపింగ్, రైడ్లు మాత్రమే ఉంటే అది విహారయాత్ర, దాన్ని చదువు ఖాతాలో వేయకండి. అక్కడి బడిలో ఒక రోజైనా కూర్చుంటారా? ఒక ఇంట్లో ఒక పూటైనా తింటారా? సింగపూర్ అధికార భాషల్లో తమిళం ఒకటి. చిత్తూరు పిల్లల చెవిన తమిళం ఎలాగూ పడే ఉంటుంది. ఆ స్కూలు వాళ్లకు ఈ సంగతి తోచిందా లేదా అన్నదే నాకు పెద్ద పరీక్ష.

పెద్దగా ఖర్చు లేకుండా బయటి దేశాలకు దారితీసే మార్గాలు కొన్నున్నాయి, ఇవి మీ ఇప్పటి స్కూల్లోనే ఉండి చేయొచ్చు. కేంద్ర ప్రభుత్వ ఇన్‌స్పైర్ మానక్ పథకంలో ప్రతి స్కూలూ, ప్రైవేటుదైనా సరే, పిల్లల ఆలోచనలు ఐదింటిని పంపొచ్చు. ఎంపికైతే నమూనా తయారు చేయడానికి పిల్లల ఖాతాలోకి 10,000 రూపాయలు వస్తాయి. జాతీయ స్థాయిలో నెగ్గిన వాళ్లలో కొందరిని సకూరా సైన్స్ కార్యక్రమం కింద జపాన్ తీసుకెళ్తున్నారు. చాలా స్కూళ్లు బద్ధకించి ఆ ఐదు పేర్లు కూడా పంపవు. మీ హెడ్మాస్టరును రేపే అడగండి.

లెక్కలంటే ఇష్టమైతే ఐఓక్యూఎం పరీక్ష ఉంది, ఎనిమిదో తరగతి నుంచే రాయొచ్చు, అంచెలంచెలుగా అంతర్జాతీయ ఒలింపియాడ్ దాకా తీసుకెళ్లే అసలు మెట్టు అది. స్కూళ్లలో మెడల్స్ పంచే రకరకాల ‘ఒలింపియాడ్’లకూ దానికీ సంబంధం లేదు, ఈ తేడా తల్లిదండ్రులకు ఎవరూ చెప్పరు. పాపకు 15 నిండాక రోటరీ క్లబ్బు వాళ్ల యూత్ ఎక్స్ఛేంజి చూడొచ్చు. వేరే దేశంలో ఒక కుటుంబం ఇంట్లో ఉండి చదువుకునే ఏర్పాటు. విమానం టిక్కెట్టు, బీమా లాంటివి మనమే పెట్టుకోవాలి. కాలేజీలో ఎన్‌సీసీలో చేరితే వాళ్ల విదేశీ పర్యటనలు వేరే. అన్నట్టు, 2023 సెప్టెంబరులో మన రాష్ట్రం నుంచి 10 మంది పిల్లలు న్యూయార్క్‌లో ఐక్యరాజ్యసమితి కార్యాలయానికి వెళ్లి వచ్చారు. అందరూ ప్రభుత్వ బడుల పిల్లలే.

పాప కోరిక గురించి కూడా ఒక మాట. ఐక్యరాజ్యసమితిలో యువ నిపుణుల పరీక్ష రాయాలంటే డిగ్రీ ఉండాలి, వయసు 32 దాటకూడదు, ఇంగ్లిషు గానీ ఫ్రెంచి గానీ బాగా రావాలి. ఆ ఏడాది అవకాశం ఇచ్చిన దేశాల జాబితాలో మన దేశం ఉండాలి కూడా. చదివిన స్కూలు పేరు ఎవరూ అడగరు. అక్కడ ఆరు అధికార భాషలు: ఇంగ్లిషు, ఫ్రెంచి, స్పానిష్, రష్యన్, అరబిక్, చైనీస్. ఇంగ్లిషు కాక వీటిలో ఇంకొకటి ఇప్పుడే మొదలుపెడితే పదేళ్లకు గట్టిపడుతుంది. ఒకవేళ పాప ఆలోచన ఉద్యోగాల వైపు మళ్లితే జపనీస్ కూడా మంచిదే. సత్యవేడు వైపు శ్రీసిటీలో ఇసుజు, డైకిన్, టోరే, కొబెల్కో లాంటి జపాన్ కంపెనీలు ఇప్పటికే ఉన్నాయి. ఆ భాషకు తొలి మెట్టు ఎన్5 నుంచి పైమెట్టు ఎన్1 దాకా పరీక్షలుంటాయి, చెన్నైలో రాయొచ్చు. 3.5 లక్షల్లో పదో వంతు కూడా కాదు ఆ ఖర్చు.

అయితే ఆ తిరుపతి స్కూలు పనికిరాదని చూడకుండానే తీర్పు చెప్పను. వెళ్లి చూడండి, పాపను వెంట తీసుకెళ్లండి. ముఖ్యంగా ఒక మనిషిని కలవండి: ఈ విదేశీ సంబంధాలన్నీ చూసే టీచరు ఎవరు, ఎన్నేళ్లుగా అక్కడ ఉన్నారు? ఈ పనులు సాధారణంగా ఒక్కరి ఓపిక మీద నడుస్తాయి. ఆ ఒక్కరూ జీతం చాలక వేరే స్కూలుకు పోతే ఉత్తరాలు ఆగిపోతాయి, ఫ్రేమ్ మాత్రం గోడ మీద ఉంటుంది. మన ఉమ్మడి జిల్లాలోనే ఒక పాత ఉదాహరణ ఉంది. మదనపల్లె బీసెంట్ థియసాఫికల్ కాలేజీకి జేమ్స్ కజిన్స్ అనే ఐర్లండ్ కవి ప్రిన్సిపాల్‌గా ఉండేవారు. ఆయన స్నేహం వల్ల రవీంద్రనాథ్ టాగోర్ 1919 ఫిబ్రవరిలో అక్కడికి వచ్చి, జనగణమనను ఇంగ్లిషులోకి మార్చింది ఆ కాలేజీలోనే. ఆ పాట బాణీని స్వరాలుగా రాసిపెట్టింది కజిన్స్ గారి భార్య మార్గరెట్. విమానాలూ వీడియో కాల్సూ లేని రోజుల్లో, మదనపల్లె లాంటి చిన్న ఊళ్లో.

ఆ టీచరు దొరికి, ఫైలు చూపించి, ట్రిప్పు కాగితం నచ్చి, పాపకు కూడా అక్కడే ఉండాలనిపిస్తే, మీకు అప్పు చేయాల్సిన పని లేకపోతే మార్చండి. తోట తాకట్టు పెట్టి మాత్రం వద్దు. ఇందులో ఏ ఒక్కటి తేడా వచ్చినా పదో తరగతి దాకా చిత్తూరులోనే ఉంచండి. హాస్టల్ సంగతిలో నేను మీ ఆవిడ పక్షమే. పదమూడేళ్ల పాప రోజూ రాత్రి అమ్మతో చెప్పుకునే కబుర్లకు బదులు ఇచ్చే ప్యాకేజీ ఏ స్కూలు దగ్గరా లేదు.

ఈసారి కాయ కోతకు వచ్చినప్పుడు పాపను ఒక రోజు ర్యాంపుకు తీసుకెళ్లండి. ఫ్యాక్టరీలో తెలిసినవాళ్లుంటే డ్రమ్ము మీద అంటించిన లేబుల్ చూపించి, అది ఏ రేవుకు పోతుందో పాపనే కనుక్కోమనండి. పది పరీక్షలయ్యాక మళ్లీ రాయండి, గ్రూపు సంగతి అప్పుడు మాట్లాడుకుందాం.