పోర్టికోలో విప్పిన కారు, కుదువలో నా గాజులు

ప్రశ్న: మాది హనుమకొండ. మా వారికి పాత శాన్ స్టార్మ్ కారంటే ప్రాణం. రెండు సీట్ల బండి, ఇంట్లో మేం నలుగురం. దీపావళి పోయిన దగ్గర్నుంచి ఆదివారాలన్నీ దానికే. ఇంజిన్, బ్రేకులు, బాడీ అన్నీ విప్పి పెట్టారు. బాడీకి పూసే రెసిన్ జిగురు వాసనకు బాబు దగ్గుతున్నాడు. మొన్న రసీదు దొరికితే తెలిసింది, నా గాజులు గోల్డ్ లోన్‌లో పెట్టారని. కారు అమ్మేయమన్నాను. అప్పటి నుంచి మాటల్లేవు.

జవాబు: అమ్మా, ఈ రెంటినీ ఒకే గొడవ చేయకండి. చేస్తే ఆయన కారును వెనకేసుకొస్తారు, గాజుల మాట పక్కకు పోతుంది. ముందు గాజులే తేల్చండి: ఎంత తెచ్చారు, వడ్డీ ఎంత, ఏ తేదీకి విడిపిస్తారు? కాగితం మీద రాయించండి. మీ బంగారం మీకు చెప్పకుండా కుదువ పెట్టడం తప్పే, ఏ ఇష్టమూ దానికి సాకు కాదు. అవి ఇంటికొచ్చేదాకా కొత్త సామాను కొనొద్దని పట్టుబట్టండి.

అమ్మేయమని మాత్రం ఇప్పుడు అనకండి. విప్పి ఉన్న బండికి తుక్కు ధరే వస్తుంది.

అసలు చిక్కు ఆయన మూడు పనులు ఒకేసారి మొదలుపెట్టడం. ఒకటి మూసాకే ఇంకోటి తెరవాలి. ఆ వరుస నేను చెప్తాను, ఆయనకు చూపించండి.

మొదట బ్రేకులు. బ్రేక్ ఆయిల్ వానాకాలమంతా తేమ పీలుస్తుంది. బ్రేకులు వేడెక్కినప్పుడు ఆ తేమ ఆవిరై పెడల్ మెత్తగా కిందికి పోతుంది, లోపల సిలిండర్లు తుప్పు పడతాయి. రెండేళ్లకోసారి మార్చాలి. రిజర్వాయర్ మూత మీద రాసిన రకమే, సీలు తీయని లీటరు డబ్బా కొనాలి. బ్రేకు పైపుల్లో చేరిన గాలి తీయడానికి పెడల్ తొక్కే మనిషి ఒకరు కావాలి. మీ అమ్మాయిని పిలవమనండి, ఒక్క ఆదివారంలో అయిపోతుంది.

తర్వాత ఇంజిన్. అది రెనో కంపెనీది, 1149 సీసీ. ఇంజిన్ లోపలి కదలికల్ని జత కలిపే టైమింగ్ బెల్టు రబ్బరు, బండి నడవకపోయినా ఏళ్లు గడిస్తే పగులుతుంది. బెల్టు, దాన్ని బిగువుగా ఉంచే టెన్షనర్, వాటర్ పంపు కలిపే మార్చాలి. మన ఆటోనగర్‌లో ఈ సామాను అడగ్గానే దొరకదు కాబట్టి చేతికొచ్చాకే ఇంజిన్ పని మళ్లీ పట్టుకోవాలి. ముందే విప్పుకుని కూర్చుంటే బండి నెలల తరబడి పోర్టికోలోనే. కూలెంట్‌లో సగం డిస్టిల్డ్ వాటర్ కలపాలి. బోరు నీళ్లు పోస్తే రేడియేటర్‌లో గార కడుతుంది.

బాడీ చివరన. అది ఫైబర్, ఇనుము కాదు. సన్నటి పగుళ్ల మీద లప్పం రాసి రంగేస్తే కొద్ది నెలలకే మళ్లీ తేలతాయి. పగులు పొడవునా వీ ఆకారంలో అరగదీసి, ఫైబర్ మ్యాట్, రెసిన్ వేయాలి. కిలో రెసిన్‌కు దాన్ని గట్టిపరిచే క్యాటలిస్ట్ 10 నుంచి 20 మిల్లీలీటర్లే. చలికి గట్టిపడటం లేదని ఇంకా పోస్తే పెళుసై విరుగుతుంది. అందుకే పొద్దున 11 నుంచి 4 లోపు ఎండపూట చేయాలి. క్యాటలిస్ట్‌ను, రెసిన్ త్వరగా గట్టిపడటానికి వేసే కోబాల్ట్ ద్రవాన్ని నేరుగా ఒకదాంట్లో ఒకటి పోయనే కూడదు, మంట లేస్తుంది. ముందు రెసిన్‌లో కోబాల్ట్ బాగా కలిపి, ఆ తర్వాతే క్యాటలిస్ట్. బాబు దగ్గుతున్నాడంటే ఇది ఇంటి దగ్గర చేసే పనే కాదు, షెడ్డుకు పంపాల్సిందే. దగ్గు తగ్గకపోతే డాక్టరుకు చూపించండి.

ఇంకో మాట. బండి మళ్లీ బిగించాక రోజూ అయిదు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపడం అలవాటుంటే మానమనండి. ఇంజిన్ పూర్తిగా వేడెక్కదు, ఆయిల్‌లో నీరు చేరుతుంది, బ్యాటరీ దిగిపోతుంది. పదిహేను రోజులకోసారి ధర్మసాగర్ దాకా పోయిరావడం మేలు. రెండో సీట్లో ఒకసారి మీరు, ఒకసారి పిల్లల్లో ఒకరు. వరికోతలయ్యాక ఎలుకలు ఇళ్లలోకొచ్చి వైర్లు కొరుకుతాయి. మందు పెడితే ఎక్కడో చచ్చి కంపు కొడతాయి, బోను పెట్టండి. ప్లాస్టిక్ పట్టా కప్పితే మంచు తేమ లోపలే నిలుస్తుంది, గుడ్డ కవర్ వాడాలి.

కారు ఖర్చుకు నెలకింతని మీరిద్దరూ కూర్చుని ఒక మొత్తం అనుకోండి. అది దాటితే పని వచ్చే నెలకే. ఇంత చెప్పినా లోన్ కాగితం చూపించకపోతే, లేదా ఇంకో కుదువ బయటపడితే, అది కారు పిచ్చి కాదు, అప్పుల సంగతి. అప్పుడు ఆయన మాట వినే పెద్దవాళ్లను కూర్చోబెట్టండి. బెదిరింపులు మొదలైతే 181 మహిళా హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయండి.