పేరు తీస్తే పక్క సర్వర్ పోతోందా?

ప్రశ్న: కోడ్ రాసి సర్వర్లను సృష్టించే సాధనమైన టెర్రాఫామ్‌లో పేర్ల జాబితా ఇచ్చి, కౌంట్ (count) అనే సెట్టింగ్‌తో నాలుగు సర్వర్లు సృష్టించాను. జాబితాలోంచి రెండో పేరు తీసేస్తే, మిగతా సర్వర్ల ట్యాగులు (పేరు చీటీలు) కూడా మారతాయని ప్లాన్, అంటే చేయబోయే మార్పుల జాబితా, చూపుతోంది. ఎందుకు?

జవాబు: కౌంట్ ప్రతి సర్వర్‌నూ సున్నాతో మొదలయ్యే వరుస సంఖ్యతోనే గుర్తుపెట్టుకుంటుంది. రెండో పేరు పోగానే తర్వాతి పేర్లు ఒక్కో స్థానం ముందుకు జరుగుతాయి కాబట్టి, టెర్రాఫామ్ పాత సర్వర్లకే కొత్త నేమ్ ట్యాగులు తగిలించి, చివరిదాన్ని తొలగించబోతుంది. మీరు వద్దనుకున్న సర్వర్ మాత్రం పక్కదాని పేరుతో నడుస్తూనే ఉంటుంది. ప్లాన్ చదివాకే అడిగారు, మంచి పని చేశారు. కౌంట్‌కు బదులు, ప్రతి సర్వర్‌నూ పేరుతోనే గుర్తుపెట్టుకునే ఫర్ ఈచ్ (for_each) వాడి, జాబితాను టూసెట్ (toset) ఫంక్షన్‌తో సమితిగా మార్చి ఇవ్వండి. నేమ్ ట్యాగ్‌కు ఆ పేరునే ఇచ్చే ఈచ్ డాట్ కీ (each.key) సరిపోతుంది. నడుస్తున్న సర్వర్లు కూలిపోకుండా, టెర్రాఫామ్ 1.1 వెర్షన్‌లో వచ్చిన మూవ్డ్ (moved) బ్లాకులతో పాత సంఖ్యలను కొత్త పేర్లకు ముడిపెట్టాకే అప్లై చేయండి.