మార్బుల్ క్వీన్ మనీప్లాంట్‌లో తెలుపు పోయి అన్నీ పచ్చాకులే వస్తున్నాయి, ఏం చేయాలి?

ప్రశ్న: మాది హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్. ఏడాదిన్నర కిందట రాజమండ్రి వెళ్లినప్పుడు కడియం నర్సరీలో మార్బుల్ క్వీన్ మనీప్లాంట్ కొన్నాం. అప్పుడు ప్రతి ఆకూ సగం తెలుపు, సగం పచ్చగా ముచ్చటగా ఉండేది. హాల్లో టీవీ పక్కన పెట్టాం. నాలుగైదు నెలలుగా కొత్తగా వచ్చే ఆకులన్నీ పచ్చగానే ఉంటున్నాయి. పాత ఆకుల్లో తెల్ల భాగం అంచుల నుంచి గోధుమరంగుకు మారి ఎండిపోతోంది. రోజూ గ్లాసుడు నీళ్లు పోస్తున్నాం, నెలకో చెంచా యూరియా కూడా వేశాం. తెలుపు మళ్లీ రావడానికి మందు ఏమైనా ఉందా?

జవాబు: అమ్మా, ముందు మందు సంగతి చెప్పేస్తాను. తెలుపు తెప్పించే మందు లేదు. ఎవరైనా సీసా చూపించి ఇది చల్లితే తెల్ల మచ్చలు వస్తాయంటే దయచేసి కొనకండి. యూరియా ఇవాళే ఆపేయండి. మొక్క మాత్రం చేయి దాటిపోలేదు, మీ ఇంట్లో ఉన్న కత్తెరతోనే బాగుచేసుకోవచ్చు.

వరి నారుమడి దగ్గరగా చూసినవాళ్లకు తెలుస్తుంది, వేల మొలకల మధ్య ఎక్కడో ఒకటి పాలలా తెల్లగా లేస్తుంది. గింజలో ఉన్న తిండి అయిపోయేదాకా నిలబడి, ఆ తర్వాత వాడి చచ్చిపోతుంది, ఎందుకంటే పత్రహరితం లేని ఆకు ఎంత వెలుతురులో పెట్టినా తిండి తయారు చేసుకోలేదు. మీ మనీప్లాంట్‌లో తెల్ల భాగం పరిస్థితీ అదే, పక్కనున్న పచ్చ భాగం వండిపెడితే తిని బతుకుతోంది. తీగలో ఎక్కడైనా పూర్తి పచ్చ కొమ్మ ఒకటి మొలిచిందంటే అది తన తిండి తానే చేసుకుంటుంది కాబట్టి జోరుగా పెరిగి, క్రమంగా మిగతా తీగను మింగేస్తుంది. టీవీ పక్కన వెలుతురు తక్కువ కాబట్టి తెలుపున్న కొమ్మలు ఇంకా వెనకబడ్డాయి. పైగా యూరియాలో 46 శాతం నత్రజని, అది ఆ పచ్చ కొమ్మకే బలం ఇచ్చింది.

దీన్ని ధాతులోపం, అంటే మట్టిలో పోషకాల కొరత అనుకోకండి. వేరుశనగలో ఇనుము తక్కువైతే లేతాకులు పాలిపోతాయి, అన్నభేది (ఇనుము ఉన్న లవణం) నీళ్లలో కలిపి పిచికారీ చేస్తే తిరిగి పచ్చబడతాయి. మీ మొక్కలో తెలుపు కణాల్లో పుట్టుకతో ఉన్న తేడా, తీగ ఏ కణుపు నుంచి చిగురిస్తుందో దాన్నిబట్టే ఆకు రంగు వస్తుంది.

కాబట్టి కుండీని కిటికీ దగ్గరికి తెచ్చి, తీగను చివర నుంచి వెనక్కి ఒక్కో ఆకూ చూసుకుంటూ రండి. పచ్చాకులు అయిపోయి, తెలుపూ పచ్చా కలిసిన ఆకు మొదట ఎక్కడ కనిపిస్తుందో అక్కడ ఆగండి. ఇప్పుడు ఆకు వదిలేసి కాండం చూడండి. లేత పచ్చ కాండం మీద సన్నని తెల్ల చారలు నిలువుగా ఉంటాయి. ఆకుకాడ కాండాన్ని అంటుకునే మూలలో బియ్యపు గింజంత మొగ్గ ఉంటుంది, తెల్ల చార ఆ మొగ్గను తాకుతూ పోతుంటే అక్కడి నుంచి వచ్చే కొమ్మకు తెలుపు వచ్చే అవకాశం ఎక్కువ. చార లేకుండా చుట్టూ పచ్చగా ఉన్న కణుపు మీద ఆశ పెట్టుకోకండి, ఒక కణుపు వెనక్కి వెళ్లండి. అలాంటి మంచి కణుపుకు అర అంగుళం పైన, స్పిరిట్‌తో తుడిచిన కత్తెరతో కోసేయండి. సగం తీగ పోతుందని ప్రాణం ఒప్పుకోదు, నాకు తెలుసు, కానీ కోయకపోతే మొత్తం పచ్చబడుతుంది. అలాగని పూర్తి తెల్లని కొమ్మ వచ్చిందని మురిసిపోయి దాన్నొక్కదాన్నే విడిగా నాటకండి, అది నారుమడిలో తెల్ల మొలక దారినే పోతుంది.

కుండీని తూర్పు లేదా ఉత్తరం కిటికీకి రెండు మూడు అడుగుల లోపల పెట్టండి. మిట్టమధ్యాహ్నం ఆకుల మీద చెయ్యి అడ్డం పెడితే నీడ మసకగానైనా కనిపించాలి, అసలు నీడే పడకపోతే ఆ చోటు చాలదు. పడమటి ఎండ నేరుగా తగలనివ్వకండి, తెల్ల భాగం ఒక్క మధ్యాహ్నంలో కాలిపోతుంది.

అంచులు ఎండడానికి మాత్రం ముఖ్యంగా నీళ్లూ ఉప్పే కారణం. రోజూ గ్లాసు నీళ్లు ఇంట్లో మొక్కకు చాలా ఎక్కువ. వేలు రెండు కణుపుల లోతు మట్టిలో పెట్టి చూడండి, పొడిగా తగిలితేనే అడుగు నుంచి కారేదాకా పోసి, పళ్లెంలో నిలిచిన నీళ్లు పారబోయండి. ఎండాకాలంలో వారానికి రెండుసార్లు, చలికాలంలో పది రోజులకోసారి సరిపోవచ్చు, అయినా లెక్క కన్నా వేలునే నమ్మండి. చాలా ఇళ్లలో ఆర్‌ఓ మెషీన్ వదిలేసే నీళ్లు వృథా ఎందుకని కుండీల్లో పోస్తారు, వాటిలో ఉప్పు మామూలు నీళ్లకన్నా ఎక్కువ, ఈ మొక్కకు వద్దు. కుండీ అంచున తెల్లటి పొర కట్టి ఉంటే అది ఉప్పే. వేసిన యూరియా, ఉప్పు కడిగిపోవాలంటే ఒకసారి కుండీని బాత్రూంలో పెట్టి, కుండీకి మూడింతల మంచినీళ్లు నెమ్మదిగా పోసి కారనివ్వండి. మట్టి పుల్లటి వాసన వస్తున్నా, వేర్లు గోధుమరంగులో మెత్తగా ఉన్నా కుళ్లినవి కోసేసి, కొబ్బరిపొట్టు, వర్మికంపోస్ట్, కాస్త ఇసుక కలిపిన మట్టిలోకి మార్చండి. ఎరువు కొత్త చిగుళ్లు వచ్చాకే, రెండు నెలలకో గుప్పెడు వర్మికంపోస్ట్ చాలు.

ఆకుకాడల మూలల్లో దూదిలా తెల్లగా కనిపిస్తే అది పిండినల్లి, స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడిచేయండి. ఇంట్లో పాకే పిల్లలున్నా, పిల్లి ఉన్నా తీగ అందకుండా ఎత్తులో పెట్టండి. ఇది కంద, చేమ కుటుంబానిదే, ఆకు నమిలితే నోరు, గొంతు మండి వాస్తుంది.

కోసిన పచ్చ తీగ పారేయకండి. రెండు కణుపులకో ముక్క చొప్పున కోసి సీసాలో నీళ్లు పోసి నిలబెట్టండి, కింది కణుపు నీళ్లలో మునగాలి, వారానికోసారి నీళ్లు మార్చండి. రెండు మూడు వారాల్లో వేర్లు వస్తాయి. పచ్చ మనీప్లాంట్ తక్కువ వెలుతురుకు బాగా ఓర్చుకుంటుంది కాబట్టి టీవీ పక్కన ఖాళీ అయిన చోట దాన్నే పెట్టుకోండి.